26 రోజులుగా త్రిశంకు స్వర్గంలో మా పేమెంట్: మధ్యలో ఆగిన డబ్బు ఎవరిది?

రవాణాచీటీ
మాది చిన్న సంస్థ, పంపులకి వేసే సీల్స్, వాల్వులు తయారుచేసి వేరే దేశాలకి పంపుతాం. సరుకు ఓడెక్కింది, దిగింది, కొన్నాయన పెట్టెలు విప్పి చూసుకుని అంతా బావుందని మెయిల్ కూడా పెట్టాడు. డబ్బు వాళ్ల బ్యాంకు నుంచి డాలర్లలో కదిలి ఇవాల్టికి 26 రోజులు. వాళ్ల బ్యాంకేమో మా దగ్గర్నుంచి వెళ్లిపోయింది అంటుంది, మా బ్యాంకేమో మాకు రాలేదు అంటుంది. మధ్యలో ఇంకో బ్యాంకు ఉందట, దాని పేరు చెప్పడానికే నాలుగు రోజులు తీసుకున్నారు, ఆ బ్యాంకుకి రాస్తే "మీరు మా ఖాతాదారు కాదు, మీతో మాట్లాడలేం" అని ఒక్క ముక్కలో జవాబు. జీతాల తేదీ మీదకొస్తోంది. ఆంక్షలు, మనీ లాండరింగ్ చట్టాలు, అంతర్జాతీయ నియంత్రణలు అని ఇన్ని వింటాం కదా, మరి ఇలా దారిలో ఆగిపోయిన డబ్బు ఎవరిది? ఎవర్ని నిలదీయాలి? ఎవరికైనా ఇలా జరిగిందా?

తొందరపిట్ట
నాకు పోయినేడాది 11 రోజులు ఆగింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి పడింది, అంతే.

స్క్రీనింగ్_గది
యూఈటీఆర్ నంబరు, అంటే ఒక్కో పేమెంటుకీ విడిగా ఉండే ట్రాకింగ్ నంబరు, అడిగారా? 36 అక్షరాల పొడుగుంటుంది, మధ్యమధ్యలో అడ్డగీతలు. 2018 నవంబర్ నుంచి స్విఫ్ట్‌లో (బ్యాంకుల మధ్య పేమెంట్ మెసేజ్‌లు మోసే నెట్‌వర్క్) వెళ్లే పేమెంట్లకి అది తప్పనిసరి. కొన్నాయన తన బ్యాంకుని అడిగితే ఇస్తారు, ఇవ్వాలి. ఆ నంబరు మీ బ్యాంకు చేతికిస్తే డబ్బు ఏ బ్యాంకు దగ్గర, ఏ రోజు నుంచి కూర్చుందో తెరమీద కనపడుతుంది. దాంతో పాటు పేమెంట్ మెసేజ్ కాపీ కూడా అడగండి. ఇదివరకు ఎంటీ103 అనేవాళ్లం, 2025 నవంబర్ నుంచి పాత ఫార్మాట్ ఆపేశారు, ఇప్పుడది పాక్స్008. కౌంటర్లో కొంతమంది ఇంకా పాత పేరే వాడతారు కాబట్టి రెండూ చెప్పండి. నేను ఒక బ్యాంకులో తొమ్మిదేళ్లుగా ఈ స్క్రీనింగ్ పనే, అంటే పేమెంట్లలోని పేర్లని ఆంక్షల జాబితాలతో పోల్చి చూడటమే, చేస్తున్నా. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, ఎవరి క్యూలోనో ఉంది.

రవాణాచీటీ
ఆ నంబరు ఒకటుంటుందని ఇన్నాళ్లలో ఒక్కరు చెప్పలేదండి. రేపు పొద్దున్నే అడుగుతా.

చట్టం_చదివా
"ఎవరిది" అనడిగారు చూడండి, దానికి నిజంగానే కోర్టు తీర్పు ఉంది, వింటే మీకు కోపం రావచ్చు. డాలర్ పేమెంట్ ఏ దేశంలో మొదలై ఏ దేశంలో ముగిసినా మామూలుగా న్యూయార్క్ బ్యాంకుల పుస్తకాల్లోంచి దాటి రావాల్సిందే, కాబట్టి అక్కడి చట్టమే ఎక్కువసార్లు తగులుతుంది. ఓడల కంపెనీల గొడవల్లో ఒకడి పేమెంటు న్యూయార్క్ దాటుతుండగా ఇంకొకడు జప్తు చేయించడం ఒకప్పుడు బాగా నడిచింది. 2002లో అక్కడి సెకండ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు అలా చెయ్యొచ్చంది, దాంతో కింది కోర్టు జప్తు పిటిషన్లతో నిండిపోయింది. ఇక లాభం లేదని 2009లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకీ జల్ధి ఓవర్సీస్‌కీ మధ్య నడిచిన కేసులో అదే కోర్టు తన మాట తానే వెనక్కి తీసుకుంది. మధ్యవర్తి బ్యాంకులో ఉన్నంతసేపు ఆ ఎలక్ట్రానిక్ బదిలీ పంపినవాడి ఆస్తీ కాదు, అందుకోవాల్సినవాడి ఆస్తీ కాదు అని తేల్చింది. మీరు త్రిశంకు స్వర్గం అని టైటిల్ పెట్టారు గానీ, చట్టం కూడా దాదాపు అదే మాట అంటోంది.

తొందరపిట్ట
ఓడల కంపెనీ కదా, జల్ధి అంటే మన జలధేనా 😀

రవాణాచీటీ
అంటే సరుకు నా చేతిలోంచి పోయింది, డబ్బు మాత్రం నాది కాదు, ఆయనదీ కాదు. మరి నేను జీతాలెక్కణ్నుంచి తేవాలి?

చట్టం_చదివా
ఆగండి, రెండో సగం కూడా వినండి. డబ్బు మీది కాకపోవచ్చు గానీ *బాకీ* మాత్రం ఇంకా కొన్నాయన మీదే ఉంది. ఆ న్యూయార్క్ చట్టం ప్రకారమే మీ బ్యాంకు ఆ పేమెంటుని ఒప్పుకుని తీసుకున్నాకే ఆయన బాకీ తీరినట్టు. బదిలీ పూర్తి కాకపోతే వచ్చిన దారినే వెనక్కి వెళ్లి పంపినవాడికి చేరాలన్న నియమం కూడా ఉంది, ఆంక్షల కింద స్తంభింపజేస్తే తప్ప. కాబట్టి ఆ మధ్య బ్యాంకుకి మెయిల్స్ పెట్టి మీ టైము పోగొట్టుకోవద్దు, దానికి మీతో ఏ ఒప్పందమూ లేదు. ఒత్తిడి కొన్నాయన మీద పెట్టండి, ఆయన తన బ్యాంకు మీద పెడతాడు. మీ అమ్మకం ఒప్పందం ఏ దేశపు చట్టం కింద రాసుకున్నారో కూడా ఓసారి చూసుకోండి.

పాతనోటు
నేను ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ని. మధ్యలో ఆగిన డబ్బు భయం కొత్తదేం కాదు. 1974 జూన్ 26న పశ్చిమ జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకు మూసేశారు. ఆ రోజు అవతలి బ్యాంకులు డాయిష్ మార్కులు అప్పటికే కట్టేశాయి, బదులుగా న్యూయార్క్‌లో డాలర్లు రావాలి, అక్కడింకా తెల్లారిందంతే, ఈలోగా జర్మనీలో తాళం పడింది. కట్టినవాళ్లు కట్టినట్టే ఉండిపోయారు. ఆ దెబ్బకే ఆ ఏడాది చివర బ్యాంకుల పర్యవేక్షణకి ప్రమాణాలు పెట్టే బాసెల్ కమిటీ పుట్టింది. ఒక చెయ్యి ఇస్తేనే రెండో చెయ్యి వదిలే ఏర్పాటు, అదే సీఎల్ఎస్, రావడానికి మాత్రం 2002 దాకా పట్టింది. 28 ఏళ్లు! అది కూడా పెద్ద బ్యాంకులు ఒకదానికొకటి మార్చుకునే కరెన్సీలకి. రవాణాచీటీ గారిలాంటి వాళ్ల ఇన్వాయిస్ కోసం అలాంటి ఏర్పాటు ఎవరూ కట్టలేదు, నాకెప్పుడూ బాధ అక్కడే.

గొలుసుకట్టు
ఇన్ని తంటాలెందుకు, స్టేబుల్‌కాయిన్‌లో (డాలరు లాంటి కరెన్సీకి విలువ కట్టేసిన క్రిప్టో కాయిన్) తీసుకుంటే రెండు నిమిషాల పని. మధ్యలో బ్యాంకే ఉండదు, ఆపేవాడే ఉండడు.

స్క్రీనింగ్_గది
ఆపేవాడు లేడని ఎవరన్నారు బ్రో? 2022 ఆగస్టులో అమెరికా టోర్నడో క్యాష్ మీద, అంటే క్రిప్టో ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో తెలీకుండా కలిపేసే కోడ్ మీద, ఆంక్షలు పెడితే సర్కిల్ కంపెనీ ఆ అడ్రసుల్లో ఉన్న తన స్టేబుల్‌కాయిన్ యూఎస్‌డీసీని వెంటనే స్తంభింపజేసింది. అమెరికాలో 2025 జూలై 18న సంతకమైన జీనియస్ యాక్ట్ అయితే, చట్టబద్ధమైన ఆదేశం వస్తే ఆపగలిగే ఏర్పాటు కాయిన్ జారీ చేసేవాడి దగ్గర ఉండాల్సిందే అంటోంది. యూరప్‌లో క్రిప్టో మీద చేసిన మైకా నిబంధనలు 2024 జూన్ 30 నుంచే స్టేబుల్‌కాయిన్లకి వర్తిస్తున్నాయి. చేతులు మారాయి గానీ తాళంచెవి అలాగే ఉంది.

పాతనోటు
2023 మార్చి కూడా మర్చిపోకండి. సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడితే యూఎస్‌డీసీ వెనకున్న నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అందులోనే ఇరుక్కున్నాయి, డాలరుకి డాలరు ఉండాల్సిన కాయిన్ 88 సెంట్ల దగ్గరికి జారింది. రెండు రోజుల్లో కోలుకుంది, నిజమే. కానీ ఆ రెండు రోజుల్లో జీతాలివ్వాల్సినవాడు ఏం చెయ్యాలి?

గొలుసుకట్టు
టోర్నడో కేసు సగమే చెప్పారు. 2024 నవంబర్లో ఫిఫ్త్ సర్క్యూట్ కోర్టు ఏమంది? ఎవరూ మార్చలేని ఆ కోడ్ ఎవరి ఆస్తీ కాదు, ఆస్తి కానిదాని మీద ఆ చట్టం కింద ఆంక్షలు పెట్టడం చెల్లదంది. 2025 మార్చిలో జాబితాలోంచి తీసేశారు కూడా.

చట్టం_చదివా
ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటా. రెండు కేసులూ ఒకే ముడి దగ్గరికి వస్తున్నాయి చూశారా, "ఇది ఎవరి ఆస్తి" అన్న దగ్గరికి. కాకపోతే గొలుసుకట్టు గారు, అక్కడ గెలిచింది కోడ్. కాయిన్ మాత్రం జారీ చేసిన కంపెనీ గుప్పిట్లోనే ఉంది. పైగా రవాణాచీటీ గారు ఎగుమతిదారు, డబ్బు బ్యాంకు ద్వారా వచ్చినట్టు కాగితం చూపించాలి, అది లేకపోతే వాళ్ల దేశపు విదేశీ మారక చట్టం దగ్గర కొత్త చిక్కు.

చేయూత77
నేను ఒక సహాయ సంస్థలో లెక్కలు చూస్తాను. మాకు ఆగేది వాల్వుల డబ్బు కాదు, మందుల డబ్బు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపం వచ్చినప్పుడు అమెరికా ట్రెజరీ మూడు రోజుల్లో జనరల్ లైసెన్స్ 23 ఇచ్చింది, సహాయం కోసం పంపే డబ్బుకి 180 రోజులు అడ్డు లేదని. అంతకు రెండు నెలల ముందే భద్రతా మండలి 2664 తీర్మానంతో ఐక్యరాజ్యసమితి ఆస్తుల స్తంభన ఆంక్షలన్నిట్లో మానవతా సాయానికి మినహాయింపు పెట్టింది. ఆ రెండు కాగితాలూ ప్రింట్ తీసి, కావాల్సిన లైన్ల కింద పసుపు గీత గీసి మా బ్యాంకుకి పట్టుకెళ్లాను. అక్కడి ఆవిడ మర్యాదగానే చదివింది. చదివి, "చట్టం ఒప్పుకుంటోందండి, మా పాలసీ ఒప్పుకోదు" అంది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించకపోవడం అంటే ఏంటో ఆ రోజు కళ్లతో చూశాను. ఆ కాగితాలు ఇప్పటికీ నా డెస్క్ సొరుగులోనే ఉన్నాయి.

తొందరపిట్ట
చేయూత గారి పోస్ట్ చదివాక నా 11 రోజులు ఏ మూలకి.

స్క్రీనింగ్_గది
చేయూత గారు, ఆవిడ స్థానంలో నేనున్నా బహుశా అదే చెప్పేవాణ్ని, ఆ మాట ఇక్కడ రాయడానికి చెయ్యి ఆడట్లేదు. అయినా మా వైపు కూడా చూడండి. 2014లో బీఎన్‌పీ పారిబా సుడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల విషయంలో నేరం ఒప్పుకుని దాదాపు 890 కోట్ల డాలర్లు కట్టింది, పైగా కొన్ని వ్యాపారాలకి ఏడాదిపాటు డాలర్ క్లియరింగ్ బంద్. అది ఫ్రాన్స్ బ్యాంకు. ఆ లావాదేవీల్లో చాలావాటికి యూరప్ చట్టం అడ్డు చెప్పలేదు, డాలర్ న్యూయార్క్ దాటిందన్న ఒక్క కారణం సరిపోయింది. ఇంకోవైపు డాన్స్కే బ్యాంకు ఎస్టోనియా శాఖ గుండా 2007 నుంచి 2015 దాకా దాదాపు 20,000 కోట్ల యూరోలు దాటిపోయాయి, అందులో చాలా భాగం అనుమానాస్పదమే, పట్టించుకున్నవాళ్లు లేరు. వదిలితే అలా, పట్టుకుంటే మీలాంటివాళ్ల ఉసురు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం.

చేయూత77
అర్థం చేసుకోగలను. కానీ పట్టుకున్నందుకు బ్యాంకుకి ఎప్పుడూ జరిమానా పడదు కదండీ, వదిలినందుకే పడుతుంది. ఆ తక్కెడ ఒకవైపే ఎందుకు మొగ్గుతుందో దీంతోనే తెలుస్తోంది.

పాతనోటు
అదీ మాట.

నీలిసిరా
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం ఇది. మేం చిన్న దేశపు చిన్న బ్యాంకు. మా డాలర్ ఖాతా చూసే పెద్ద కరెస్పాండెంట్ బ్యాంకు ఒకరోజు 60 రోజుల నోటీసిచ్చి సంబంధం తెంచేసింది. తప్పు చేశామని కాదు, మా మీద వచ్చే ఆదాయం మమ్మల్ని తనిఖీ చేసే ఖర్చుకి చాలట్లేదట. ప్రపంచం మొత్తం మీద కరెస్పాండెంట్ బ్యాంకుల సంఖ్య 2011, 2018 మధ్య దాదాపు 20 శాతం తగ్గిందని సెంట్రల్ బ్యాంకులకి బ్యాంకు లాంటిదైన బాసెల్‌లోని బీఐఎస్ లెక్కలే చెప్తున్నాయి, ఆ 20లో మేమూ ఉన్నాం. మనీ లాండరింగ్ మీద ప్రపంచ ప్రమాణాలు పెట్టే ఎఫ్ఏటీఎఫ్ 2014 లోనే చెప్పింది, ఖాతాదారుని బట్టి రిస్కు చూడమన్నాం గానీ గంపగుత్తగా తెంచుకోమనలేదు అని. వినేదెవరు?

చట్టం_చదివా
యూరప్ 1996లోనే బ్లాకింగ్ స్టాట్యూట్ చేసింది, అమెరికా ఆంక్షల్లో ఫలానావి మా కంపెనీలు పాటించకూడదు అని. 2021 డిసెంబర్లో యూరోపియన్ కోర్టు బ్యాంక్ మెల్లీ ఇరాన్, టెలికామ్ డాయిష్‌లాండ్ కేసులో అది ప్రైవేటు ఒప్పందాలకీ వర్తిస్తుందంది, కానీ పాటించకపోతే కంపెనీకి మరీ విపరీతమైన నష్టం వస్తుందా అన్నది కూడా తూచమంది. అంటే ఒకే కంపెనీ రెండు చట్టాల మధ్య ఇరుక్కుంటే ఎటు పోవాలో ఇప్పటికీ కేసు కేసుకీ తేల్చుకోవాల్సిందే. అంతర్జాతీయ ఫైనాన్స్ చట్టం అని ఒక పుస్తకం ఎక్కడా లేదు, అన్నీ దేశాల చట్టాలే, ఒకదాని గట్టు ఇంకొకటి తొక్కుతుంటాయి.

తొందరపిట్ట
చిన్నవాళ్ల సంగతి సరే, రష్యా సెంట్రల్ బ్యాంకు డబ్బే 2022 నుంచి ఆగి ఉంది కదా, దాదాపు 30,000 కోట్ల డాలర్లు, సింహభాగం బెల్జియంలో, షేర్లూ బాండ్లూ భద్రపరిచే యూరోక్లియర్ సంస్థ దగ్గర.

చట్టం_చదివా
అది వేరే సంగతి, కలిపేయకండి. అక్కడ ఆపాలని ప్రభుత్వాలు కూర్చుని నిర్ణయించాయి, బహిరంగంగా చెప్పాయి, ఆపడం వేరు సొంతం చేసుకోవడం వేరన్న గీత మీద ఇన్నేళ్లు వాదించుకున్నాయి. 2024లో జీ7 ఆ డబ్బు మీద వచ్చే లాభాలతో తీరేలా ఉక్రెయిన్‌కి 5,000 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేసింది గానీ అసలు ముట్టుకోలేదు. రవాణాచీటీ గారి డబ్బు విషయంలో ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అది ఆగింది, అంతే.

నీలిసిరా
సిటీబ్యాంకు కూడా 2020 ఆగస్టులో రెవ్లాన్ అప్పుకి 78 లక్షల డాలర్ల వడ్డీ కట్టబోయి పొరపాటున దాదాపు 90 కోట్లు పంపేసింది. అందులో 50 కోట్ల దాకా తిరిగి ఇవ్వం అని కొందరు అప్పిచ్చినవాళ్లు మొండికేస్తే 2022 సెప్టెంబర్లో అప్పీల్ కోర్టు సిటీ పక్షాన తీర్పిచ్చింది. పెద్దవాళ్లకి రెండేళ్లు లాయర్లని పోషించే ఓపిక ఉంటుంది. మనకి?

రవాణాచీటీ
అప్‌డేట్. 29వ రోజు. యూఈటీఆర్ దొరికింది, స్క్రీనింగ్_గది గారికి దండం. మా బ్యాంకు మేనేజరు తెర తిప్పి నాకే చూపించాడు. డబ్బు రెండో రోజే మధ్య బ్యాంకుకి చేరింది. మూడో రోజు వాళ్లు కొన్నాయన బ్యాంకుకి ఒక ప్రశ్న పంపారు. ప్రశ్న ఏంటంటే, ఇన్వాయిస్ మీద సంతకం చేసిన మా భాగస్వామి పేరు ఎవరో ఆంక్షల జాబితాలోని మనిషి పేరుకి దగ్గరగా ఉందట, ఈయన పుట్టిన తేదీ, పూర్తి పేరు, చిరునామా కావాలి అని. నాలుగు లైన్ల ప్రశ్న. అది అవతలి బ్యాంకు మెయిల్ పెట్టెలో ఎవరూ తెరవకుండా 25 రోజులు పడుంది. మా భాగస్వామి నా పక్క గదిలోనే కూర్చుంటాడండి, నన్నడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ని.

పాతనోటు
చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది.

స్క్రీనింగ్_గది
నేననుకున్నదే. మా తెర ఎలా ఉంటుందో చెప్తా. ఎడమవైపు పేమెంట్‌లోని పేరు, కుడివైపు జాబితాలోని పేరు, పైన ఒక స్కోరు, 84 అనో 91 అనో. కింద రెండు బటన్లు, వదులు, పై అధికారికి పంపు. మన పేర్లు లాటిన్ అక్షరాల్లోకి వెళ్లేసరికి ఒక్కో మనిషికి నాలుగు స్పెల్లింగులు, దీర్ఘాలు పోతాయి, వత్తులు పోతాయి. గడాఫీ పేరే పత్రికలు ఎన్ని రకాలుగా రాసేవో గుర్తుందా, అందుకే సాఫ్ట్‌వేరు దగ్గరగా ఉన్నవన్నీ పట్టుకునేలా పెడతారు. చాలా హిట్లు ఉత్తవే. పుట్టిన తేదీ ఒక్కటి చేతిలో ఉంటే పది సెకన్లలో వదిలేస్తా, లేకపోతే ప్రశ్న పంపడం తప్ప నాకు దారి లేదు. ఆ ప్రశ్న అందుకున్నవాడు ఇన్ని గంటల్లో జవాబివ్వాలని అన్ని దేశాల బ్యాంకుల్నీ కట్టిపడేసే నియమం లేదు, అదీ అసలు చిల్లు.

చట్టం_చదివా
ఇక్కడ ఇంకోటి గమనించండి. అమెరికాలో బ్యాంకు ఒక పేమెంటుని ఆంక్షల కింద స్తంభింపజేసినా తిప్పి పంపినా 10 పనిదినాల్లో ఓఎఫ్ఏసీకి (ఆంక్షలు చూసే ట్రెజరీ విభాగం) రిపోర్టు చెయ్యాలి. స్తంభింపజేస్తే వడ్డీ వచ్చే ఖాతాలో పెట్టాలి, విడిపించుకోడానికి లైసెన్సుకి అప్లై చేసుకోవచ్చు. అంటే నిజంగా జాబితాలో ఉన్నవాడి డబ్బుకి ఒక పద్ధతుంది, గడువుంది, వడ్డీ ఉంది. ఏ జాబితాలోనూ లేని రవాణాచీటీ గారి డబ్బు "పరిశీలనలో" ఉన్నంతకాలం ఆయనకి ఈ మూడూ లేవు.

చేయూత77
దీన్ని ఎవరైనా పై వాళ్లకి చెప్పాలండి. జీ20 రోడ్‌మ్యాప్‌లో 2027 చివరికి 75 శాతం విదేశీ పేమెంట్లు గంటలోపు చేరాలని లక్ష్యం పెట్టుకున్నారు కదా. మిగతా 25లో ఎవరుంటారో నాకిప్పుడే తెలుసు.

గొలుసుకట్టు
నేనైతే నా మాట మీదే ఉన్నా, ఈ గొలుసులో ఇన్ని లింకులు ఉన్నంతకాలం ఇది మారదు. కానీ 25 రోజులు మెయిల్ తెరవకపోవడాన్ని ఏ టెక్నాలజీ బాగుచెయ్యలేదు, అదీ ఒప్పుకుంటా.

రవాణాచీటీ
33వ రోజు. వచ్చింది. మధ్యలో ఎవరో ఛార్జీలు కోసుకున్నారు, ఎవరో తెలీదు, ప్రస్తుతానికి అడిగే ఓపిక లేదు. జీతాలు మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. ఇంకో కన్సైన్‌మెంట్ వచ్చే వారం వెళ్తోంది, ఈసారి ఇన్వాయిస్ మీదే భాగస్వామి పుట్టిన తేదీ వేసేద్దామనుకుంటున్నా, వెయ్యొచ్చా?

స్క్రీనింగ్_గది
ఇన్వాయిస్ మీద వద్దు. అది ఓడ ఏజెంటు నుంచి గోదాం దాకా పది చేతులు మారుతుంది, యూరప్ దారిలో వెళ్తే జీడీపీఆర్ (అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) తలనొప్పి కూడా. విడిగా ఒక లెటర్ రాసి పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా పెట్టి మీ బ్యాంకుకీ కొన్నాయన బ్యాంకుకీ ముందే ఇచ్చి ఉంచండి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే. చిరునామాలో ఊరు, దేశం విడివిడి గడుల్లో పడేలా చూడమని చెప్పండి, అన్నీ ఒకే లైన్లో కుక్కితే 2026 నవంబర్ తర్వాత స్విఫ్ట్‌లో పేమెంటే కదలదు.

రవాణాచీటీ
ఇవాళే రాయిస్తా. పాస్‌పోర్టులో ఆయన ఇంటిపేరు చివర పడింది, మా ఇన్వాయిస్‌లో ముందుంది. అది కూడా మార్చాలా?

స్క్రీనింగ్_గది
ముందు అదే మార్చండి.